పేరుకు కాపలా

"పాస్‌వర్డ్ మర్చిపోతే?" అని అడిగింది ఒదెత్.

"అదెంత పని మేడమ్! ఒక్క ఫోన్ కొట్టండి. అమ్మగారి పేరు చెబితే చాలు, రెండు నిమిషాల్లో కొత్తది ఇచ్చేస్తాం," అన్నాడు కౌంటర్ వెనక ఉన్నాయన, ముఖమంతా నవ్వు చేసుకుని.

ఒదెత్ సగం తాగిన కాఫీ అక్కడే వదిలేసి లేచి వచ్చేసింది.

డొమైన్ కోసం, అంటే వెబ్‌సైట్ పేరు కోసం, ఆ ఉదయం ఆమె ఎక్కిన రెండో ఆఫీసు అది. మొదటివాళ్లూ ఇంతే మర్యాదస్తులు.

ఆ మర్యాదే ఆమె కొంప ముంచింది. పధ్నాలుగేళ్లు కొండలెక్కి దిగి, కనబడిన ప్రతి మూలిక గురించీ తన వెబ్‌సైట్లో రాసుకుంది. వెబ్‌సైట్‌కీ మెయిల్‌కీ ఒకటే పేరు. ఆ పేరు ఆమెదే. మార్చి నెలలో ఎవడో డొమైన్ కంపెనీకి ఫోన్ చేసి, తాను ఆమె తమ్ముణ్ణని చెప్పి, వాళ్లమ్మ పేరు చెప్పి, తియ్యగా నాలుగు ముక్కలు మాట్లాడాడు. సాయంత్రానికల్లా పేరు వాడిదైపోయింది. ఇప్పుడు అక్కడ బట్టతల మందులు అమ్ముతున్నారు. ఆమెకొచ్చే ఉత్తరాలు వాడు చదువుతున్నాడు. ఆమె పేరుతో జవాబులూ రాస్తున్నాడు.

కొత్త పేరు కొనాలి. ఈసారి ఎవరి దగ్గర కొనాలన్నదే ప్రశ్న.

మూడో ఆఫీసు బీరూట్ శివారు ఫుర్న్ ఎల్ షెబ్బాక్‌లో. కరెంటు లేదు, లిఫ్ట్ ఆగిపోయింది. నాలుగు అంతస్తులూ ఎక్కింది. తలుపు మీద "నఖ్లే. డొమైన్లు, మెయిల్. బేరాలు లేవు" అని రాసి ఉంది.

నఖ్లే తలెత్తి చూశాడు. ముఖం మాడ్చుకున్నాడు.

"ఏం కావాలి?"

"డొమైన్. నా పేరు మీద. మెయిల్ కూడా."

"బీరూట్‌లో ఇంకెవడూ దొరకలేదా?"

"ఇద్దర్ని చూశాను. ఇద్దరూ మంచివాళ్లు."

"అయితే వాళ్ల దగ్గరికే పో."

కూర్చోమని అనలేదు. ఆమే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పాస్‌వర్డ్ మర్చిపోతే?"

"నీ ఖర్మ. గుర్తింపు కార్డూ, నోటరీ కాగితమూ పట్టుకుని నువ్వే రావాలి. ఈ మెట్లన్నీ ఎక్కి."

"నా బదులు మా అన్నయ్య వస్తే?"

"అదే మెట్ల మీంచి కిందికి తోస్తా."

"లాయరు వస్తే?"

"లాయర్లని చాలామందిని చూశాను."

"నేనే వచ్చి ఇక్కడ కూర్చుని ఏడిస్తే?"

"ఏడువు. నేనేమైనా కరుగుతానా?"

మోడెమ్ బాగుచేయించుకోడానికి వచ్చి బల్ల మీద కూర్చున్న పెద్దమనిషి ఇక ఉండబట్టలేకపోయాడు. "ఆడమనిషితో అలాగేనా మాట్లాడేది, ఉస్తాద్?"

"నువ్వు నోర్మూసుకో!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ఆయన మోడెమ్ చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఒదెత్ గొంతు తగ్గించింది. "నా మెయిళ్లు నువ్వు చదివితే?"

అతను మొదటిసారి నొచ్చుకున్నాడు. "నేను మొండివాణ్ణి. దొంగని కాను."

అది నిజమేనని ఆమెకూ అనిపించింది. అలా అనిపించినందుకు ఒళ్లు మండింది.

"రేపు నేనే వచ్చి, ఈ పేరు నీ దగ్గర్నుంచి ఇంకో కంపెనీకి మార్చుకుంటానంటే?"

"కారణం రాసివ్వాలి."

"రాసిస్తే?"

"ఆ కారణం నాకు నచ్చాలి."

"నచ్చకపోతే?"

"మళ్లీ రాయాలి."

"రాక్షసుడివి," అంది ఒదెత్.

"ఇష్టం లేకపోతే తలుపు అటుంది."

అతను ఫారం ముందుకు లాక్కుని, ఒక్క ప్రశ్నా వెయ్యకుండా, గళ్లన్నీ చకచకా నింపి ఆమె ముందుకు తోశాడు. పెన్ను మాత్రం ఇవ్వలేదు. ఆమె తన సంచీలోంచే తీసుకుని సంతకం పెట్టింది.

పెళ్లి తగవులు తేల్చే చర్చి కోర్టులో తొమ్మిదేళ్లుగా ఆమె ఎంత పోరాడినా, ఎన్ని కారణాలు రాసిచ్చినా, ఎందరు లాయర్లని మార్చినా, పెళ్లి రద్దుకు ఒప్పుకోకుండా తనను పట్టుకుని కూర్చున్న ఈ మొగుడి చేతిలోంచి తన పేరు ఎక్కడికీ పోదని ఆమెకు బాగా తెలుసు.