సాసరు డబ్బులు

ఆ ఉదయం మౌంట్ రోడ్డులోని వరదయ్య లేడీస్ సెలూన్‌లో గోళ్ల పని చేసే ముగ్గురూ లోపలికి పోలేదు.

మెట్ల మీద కూర్చున్నారు.

సెలీనా, చిన్నపొన్ను చేతి గోళ్లు చూస్తారు. మునియక్క కాలి గోళ్లు చూస్తుంది. చేతులకు నెలకు ముప్పై రూపాయలు, కాళ్లకు ఇరవై. ఇంగ్లీషు వచ్చినందుకు సెలీనాకు ఇంకో అయిదు. రంగు సీసా పగిలితే ముగ్గురికీ కోత.

పని నచ్చిన ఆడవాళ్లు లేచేటప్పుడు బల్ల మీది సాసరులో పావలానో అర్ధరూపాయో వేస్తారు. సాయంత్రం ఆ సాసరును వరదయ్య గల్లాపెట్టెలోకి వంచుకుంటాడు. రంగు తనది, కుర్చీ తనది, కనుక సాసరూ తనదేనంటాడు.

సాసరు డబ్బులు తమకు వదిలేదాకా పనిలో కూర్చునేది లేదని ముందురోజే అతనికి చెప్పారు. చెప్పింది సెలీనా. తక్కిన ఇద్దరూ ఆమె మాట మీద వచ్చారు. మునియక్క మొగుడు హార్బరులో కాలు విరిగి ఇంట్లో పడి ఉన్నాడు. ఆ ఇరవై కూడా పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

ఆ రోజునే ఎంచుకోవడానికి కారణం ఉంది. జార్జి టౌన్‌లో ఇనుప సామాను టోకుగా అమ్మే పరంధామయ్య ఇంట్లో సాయంత్రం పెళ్లి విందు. ఆయన భార్య మంగళమ్మ గోళ్లకు రంగు వేయించుకోవడానికి వస్తానని కబురు పంపింది. ఆ ఇంటి ఆడవాళ్లంతా వరదయ్య దగ్గరికే వస్తారు. ఆమెను వెనక్కి పంపే ధైర్యం అతనికి లేదు.

కారు వచ్చింది. మంగళమ్మ వాళ్ల పక్కనుంచి మెట్లెక్కి లోపలికి పోయింది.

వరదయ్య బయటికి రాలేదు.

కాసేపటికి ఒక ఆడమనిషి బస్సు దిగి వచ్చింది. నలభై దాటి ఉంటాయి. చేతిలో గుడ్డసంచి.

సెలీనా ఆమె వేళ్లు చూసింది. బొటనవేలి పక్కన ఎర్రటి మరక ఉంది. రంగు తుడిచి తుడిచి పట్టిన మరక. అలాంటిది తన వేలికీ ఉంది.

ఎవరు పిలిచారని అడిగింది.

వరదయ్య మనిషిని పంపాడని, తన పేరు హైమ అని ఆమె చెప్పింది. మీరెందుకు బయట కూర్చున్నారని అడిగింది. చిన్నపొన్ను సాసరు సంగతి చెప్పింది. ముప్పై సంగతి, ఇరవై సంగతి చెప్పింది. హైమ అంతా విని తలుపు వైపు కదిలింది.

"ఇంత విని కూడా పోతావా అక్కా?" సెలీనా అడిగింది.

"పిలిచినారు గదమ్మా. పోవాల."

చిన్నపొన్ను సంచి పట్టుకుని లాగింది. పిడి తెగింది. ఆకురాయి, కత్తెర, దూది మెట్ల మీద పడ్డాయి. రంగు తుడిచే మందు సీసా పగిలింది. హైమ ఒక్కొక్కటే ఏరుకుంది. గాజుముక్కలు కూడా ఏరి గోడ వారగా పెట్టింది. ఎవరూ వంగలేదు.

తలుపు అద్దంలోంచి ముగ్గురూ చూశారు. హైమ మంగళమ్మ ఎదుట కూర్చుంది. ఎడమ చెయ్యి అందుకుంది. గిన్నెలో వేళ్లు ముంచి తుడిచింది. ఆకురాయి తీసింది.

మునియక్క లేచి నిలబడింది. "నేను లోపలికి పోతా. మన కుర్చీలు దానికి ఇచ్చేస్తాడు."

సెలీనా ఆమె కొంగు పట్టుకుంది. "ఇంకొంచేపు ఉండక్కా."

"నీకు ఇంగ్లీషు వచ్చు. యాడైనా బతుకుతావు. నాకు కాళ్లు దప్ప ఏం తెలుసు?"

సెలీనా కొంగు వదల్లేదు.

మళ్లీ చూసేసరికి వరదయ్య హైమ పక్కన నిలబడి చేతులు ఊపుతున్నాడు. మంగళమ్మ కూడా ఏదో అంటోంది. మాటలు బయటికి వినబడలేదు. హైమ కూలి బేరమాడుతోందని చిన్నపొన్ను అంది.

తలుపు తెరుచుకుంది. హైమ సంచిని చంకలో పెట్టుకుని బయటికి వచ్చింది.

"ఎంత ఇచ్చినాడు మా అయ్య?" చిన్నపొన్ను అడిగింది.

"ఏమీ ఇయ్యలా."

"వింటివా అక్కా? మహారాణి ఊరికే చేసిపెట్టేదానికి వచ్చిందంట."

మునియక్క హైమ కాళ్ల దగ్గర ఉమ్మింది.

హైమ పక్కకు జరిగి మెట్లు దిగింది. "రంగు సీసాకు మూత పెట్టలా. ఆరిపోతాది, పోండి," అంది. రోడ్డు దాటి బస్ స్టాపులో నిలబడింది.

వరదయ్య తలుపు దగ్గరికి వచ్చాడు. ఎవరి ముఖమూ చూడలేదు. ఇవాళ్టి నుంచి ఎవరి బల్ల మీది సాసరు వాళ్లదేనన్నాడు.

"కాళ్లకూనా?" మునియక్క అడిగింది.

"కాళ్లకూ."

మెట్ల మీద కూర్చుంటే ఎవరైనా దిగిరావాల్సిందేనని చిన్నపొన్ను నవ్వింది. ఎదుట బస్సు వచ్చి హైమను ఎక్కించుకుని పోయింది. ఎవరూ అటు చూడలేదు.

సెలీనా లోపలికి వెళ్లి మంగళమ్మ ఎదుట కూర్చుంది.

ఎడమ చేతి అయిదు గోళ్లూ ఎర్రగా ఉన్నాయి. రంగు ఎక్కడా అంచు దాటలేదు. కుడి చేతి గోళ్లకు ఆకురాయి కూడా తగల్లేదు.

ఈ చెయ్యి ఎందుకు వదిలేసిందని సెలీనా అడిగింది.

"నేనూ అదే అడిగినా," మంగళమ్మ కుడి చెయ్యి చాపింది. "ఒక్క చేతికి రంగేసుకుని విందులో ఎట్లా నిలబడేదని అరిచినా. సాసరు మీకు వదుల్తానని వరదయ్య చెప్పేదాకా ఈ చెయ్యి ముట్టనని కూర్చునింది. ఆయన సరే అన్నాక, ఇంక చెయ్యవే అంటే, అది బయట కూర్చున్నోళ్ల చెయ్యమ్మా అని లేచిపోయింది."