పక్క సీటు

డ్రైవింగ్ మాస్టారికి కడుపునొప్పి సరిగ్గా రోలర్ కోస్టర్ రైలు వచ్చి ముందు ఆగినప్పుడే మొదలైంది.

నిజానికి నొప్పేమీ లేదు. తలెత్తి పట్టాలు ఆకాశంలో తిరిగిన మూడు చుట్లను చూశాడంతే, ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఇరవై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళకు కారు నేర్పుతున్న మనిషి. "భయపడితే కాలికి బ్రేకు దొరకదు" అని రోజుకు పదిసార్లు చెప్పే మనిషి. వారం రోజులుగా పదేళ్ళ కూతురి ముందు ఒకటే కోతలు: "నాన్న పక్కనుండగా నీకేం భయం?"

"నాన్నా, ఎక్కు."

"కడుపులో తిప్పుతోందమ్మా. ఇంకోసారి వద్దాంలే."

పాప ముఖం వాడిపోయింది. రెండు గంటలు ఎండలో నిలబడ్డ వరుస అది.

"పాపను ఒక్కదాన్నే పంపొచ్చా?" అని మాస్టారు ఆపరేటర్‌ని అడిగాడు.

"కుదరదు సార్. పక్కన పెద్దవాళ్ళుండాలి. ఇద్దర్నీ సీట్లో పట్టి ఉంచే కడ్డీ ఒకటే."

వరుసలోంచి ఒక బొజ్జాయన ముందుకొచ్చాడు.

"నేనొక్కణ్ణే వచ్చానండి. మీకు అభ్యంతరం లేకపోతే పాప పక్కన కూర్చుంటాను."

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. ఆయన ముఖమైనా సరిగా చూడకుండా తలూపేశాడు.

ఆపరేటర్ కడ్డీ దించాడు. అది వెళ్ళి బొజ్జ మీద ఆగింది. వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు కూడా నవ్వాడు. ఆపరేటర్ కడ్డీని ఒకసారి లాగి చూసి చెయ్యి ఊపాడు.

రైలు కదిలింది.

మాస్టారు కింద ఫోటోల కౌంటరు దగ్గరికి వెళ్ళాడు. రైలు పైనుంచి కిందికి దూకేటప్పుడు అక్కడి కెమెరా దానంతటదే ఫోటో తీస్తుంది, మనుషులు దిగేలోపే అది తెర మీదికి వస్తుంది. కూతురి నవ్వు చూద్దామని ఆయన ఆశ.

తెర మీద ఫోటో పడింది.

నవ్వు లేదు. బొజ్జాయన రెండు చేతులూ పాపను చుట్టేసి, తన వైపు లాక్కుని ఉన్నాయి.

మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది.

రైలు ఆగేసరికి ఇద్దరు గార్డులను వెంటపెట్టుకుని మెట్ల దగ్గరున్నాడు. పాప బొజ్జాయన వేలు పట్టుకుని దిగింది. వణుకుతోంది. పెదాలు తెల్లబడ్డాయి.

"సార్, పాప బెదిరింది. ముందు కాసిని నీళ్ళు పట్టండి," అన్నాడు బొజ్జాయన.

"నా కూతురి మీద చేతులేస్తావా? ఇంత వయసొచ్చింది, సిగ్గులేదూ?"

మాస్టారు ఆయన కుడిచెయ్యి పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించాడు. ఆయన పళ్ళ బిగువున మూలిగాడు.

ఏదో చెప్పబోయాడు. పాప వైపు చూశాడు. నోరు మూసుకున్నాడు.

"చూశారా? తప్పు చేసినవాడికి మాటెక్కణ్ణుంచి వస్తుంది?" అన్నాడు మాస్టారు చుట్టూ మూగినవాళ్ళతో.

జనం తలా ఒక మాట అన్నారు. గార్డులు ఆయన్ని గేటు వైపు నడిపించారు. ఆయన తల దించుకునే వెళ్ళాడు.

పాప గోడవారన కూర్చుని కక్కుకుంది. నీళ్ళు తాగింది. మూతి తుడుచుకుని తండ్రి వైపు తిరిగింది.

"కడ్డీ నాకు తగల్లేదు నాన్నా."

"ఏమిటీ?"

"అంకుల్ బొజ్జ దగ్గరే ఆగిపోయింది. నా ముందు ఇంత ఖాళీ." పాప జానెడు చూపించింది. "కిందికి పడేటప్పుడు సీట్లోంచి లేచిపోయాను. అంకులే లాగి కూర్చోబెట్టాడు. చివరిదాకా వదల్లేదు. అంకుల్ చెయ్యి కడ్డీకేసి కొట్టుకుంటూనే ఉంది."

మాస్టారికి తను విదిలించిన చెయ్యి గుర్తొచ్చింది. మణికట్టు నుంచి మోచేతి దాకా కమిలి ఉంది. ఇందాక కళ్ళముందే ఉన్నా కనిపించలేదు.

పాపను ఎత్తుకుని గేటు దాకా పరుగెత్తాడు.

"ఆ బొజ్జాయన ఏడీ?"

"ఇప్పుడే బస్సెక్కాడు సార్. గొడవెందుకని వదిలేశాం."

"పేరు?"

"రాసుకోలేదు సార్."

బస్టాపులో ఎవరూ లేరు. తప్పయిపోయిందని కాళ్ళు పట్టుకుందామన్నా మనిషి లేడు. మాస్టారు బెంచీ మీద కూలబడ్డాడు. ఆ సీట్లో కూర్చోవలసింది తను. తన బక్క ఒంటికి కడ్డీ పాప ఒళ్ళోదాకా దిగేది. లేని కడుపునొప్పి ఇప్పుడు నిజంగానే మెలిపెడుతోంది.

"నాన్నా, అంకుల్ని ఎందుకు తిట్టావు?"

మాస్టారు వంగి పాప చెప్పు పట్టీ సరిచేశాడు.

"పైన ఉన్నప్పుడు నువ్వు కావాలని ఏడ్చాను. 'ఏడవకమ్మా, మీ నాన్నే నన్ను పక్కకు పిలిచి, నిన్ను గట్టిగా పట్టుకోమని మరీమరీ చెప్పాడు' అన్నాడు అంకుల్," అంది పాప. "నువ్వు చెప్పినట్టే చేశాడు కదా నాన్నా, మరెందుకు తిట్టావు?"