ఉత్తరం సీను

"పెద్దమ్మా, ఇంకొంచెం గట్టిగా ముక్కు చీదండి. జనం పడీపడీ నవ్వాలి," అన్నాడు డైరెక్టరు అద్దం అవతలినుంచి.

డబ్బింగ్ గదిలో మైకు ముందు నిలబడ్డ పెద్దమ్మకి యాభై తొమ్మిదేళ్ళు. ముప్ఫయ్యేళ్ళుగా ఎందరో తారలకి గొంతు అరువిచ్చింది. డైరెక్టరుకి ముప్ఫై రెండు; రెండేళ్ళుగా మేడమీది ఈ స్టూడియోకి వచ్చిపోతున్నాడు. కథా, మాటలూ అతనివే. ఇన్నాళ్ళకి తన ఈడు ఆడదాని మనసు మీద ఒక సినిమా వస్తోందని పెద్దమ్మ ఎంతో సంబరపడింది. తీరా చూస్తే అంతా వెకిలి నవ్వులాట. తెరమీద ముసలావిడ హోటల్లో అందరి ముందూ ప్రేమలేఖ చదువుతోంది. ఎదురుగా, ఆమె మనసుపడ్డ కుర్రాడు కాఫీ మింగలేక కక్కలేక చస్తున్నాడు.

"బాబూ, ఈ ఉత్తరం తీసేయకూడదూ?"

"అదే కదండీ సినిమాకి ప్రాణం!"

"పాపం, మనసులోది రాసుకుంది. అందులో నవ్వడానికేముంది?"

"మీ వయసువాళ్ళకి కోపమొస్తుందని తెలుసు," అతను పకపకా నవ్వాడు. "వారం కూర్చుని రాశానండీ. ఒక్క ముక్క కూడా తియ్యను. కష్టమైతే చెప్పండి, ఇంకొకర్ని పిలిపిస్తాను."

"వద్దు," అంది పెద్దమ్మ చటుక్కున. "ఆ మాటలు నేనే చెబుతాను."

ఉడుకుమోత్తనానికి వయసుతో పనిలేదనుకున్నాడు పక్కనున్న సౌండు ఇంజనీరు. ఎర్ర దీపం వెలిగించాడు.

"నువ్వు మెట్లెక్కే చప్పుడు నాకు తెలుసు. రెండేసి మెట్లు ఎక్కుతావు. అది వినపడిన రోజు బీపీ బిళ్ళ వేసుకోవడం కూడా మరిచిపోతాను. జవాబు రాయకు. నవ్వకుండా చదివితే చాలు."

చీదమన్నచోట ముక్కు చీదింది. డైరెక్టరు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ఆమెకి అక్కడే చచ్చిపోవాలనిపించింది.

"ఒక్క టేకులో అయిపోయింది!" అన్నాడు ఇంజనీరు. "కాగితం వంకైనా చూళ్ళేదే పెద్దమ్మా!"

"అలవాటైన పనేగా నాయనా."

డైరెక్టరు లోపలికొచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మా అమ్మలాంటివారు. భలే చేశారు! అయినా ఇలాంటి పిచ్చిది నిజంగా ఎక్కడైనా ఉంటుందంటారా?"

"ఉండదులే బాబూ," అని మెల్లగా చేతులు విడిపించుకుంది.

ఏడాది క్రితం ఆ ఉత్తరాన్ని సంతకం లేకుండా అతని సంచిలో పెట్టింది పెద్దమ్మే.