తీసేయమన్న మాటలు

"అక్కా, నా మాటలు తీసేయండి."

కొత్త నంబరు. ఫోన్లో గొంతు సన్నంగా ఉండాది. వెనకాల పసిబిడ్డ ఆపకుండా ఏడస్తా ఉండాది. షాలిని గడియారం చూసింది. టైము పొద్దున పది. సాయంత్రం లోపల ప్రాజెక్టు పంపించాల.

"ఎవరు, చౌడేశ్వరేనా?"

"ఔనక్కా, గుడియాత్తం నుంచి. మొన్న ఇంటికొచ్చి నా మాటలు రికార్డు చేసుకోని పోయినారే, అవి తీసేయండి."

షాలిని వేలూరులో ఒక ఆసుపత్రిలో కాన్పుల వార్డు నర్సు. డ్యూటీ చేస్తానే, పరిశోధన ఎట్ల చేయాలో నర్సులకు నేర్పే పీజీ కోర్సు ఆన్‌లైన్లో చదవతా ఉండాది. కాన్పయినాక నలభై రోజులు తల్లిని ఇంట్లో ఎట్ల చూసుకుంటారనేది ఆమె టాపిక్. పదిమందితో మాట్లాడాల. తొమ్మిదిమంది "బాగానే చూసుకుంటారు సిస్టర్" అని రెండు ముక్కల్లో తేల్చేసినారు. పదో మనిషి చౌడేశ్వరి ఒకతే నోరు తెరిచింది. మొగుడు కొట్టేది, అత్త వాకిలేసి పట్టుకునేది, కుట్లు మానకముందే మగ్గం గుంతలో కూర్చోబెట్టింది, అన్నీ చెప్పింది. నలభై నిమిషాలు. వచ్చేటప్పుడు షాలిని హెల్ప్‌లైన్ నంబరు రాసిచ్చి, చెయ్యి పట్టుకోని మరీ వచ్చింది.

"ఎందుకమ్మా? ఎవరన్నా పక్కన ఉండారా? భయపెట్టినారా?"

"అట్లేం లేదక్కా. ఆయన మారినాడు. ఆ మాటలు యాడన్నా బయటపడితే నా కాపురం నిలవదు. మీరిచ్చిన పేపర్లో రాసుండారు కదా, ఎప్పుడు వద్దన్నా తీసేస్తామని, ఎందుకని కూడా అడగబోమని."

ఆ పేపరు షాలిని పదిమందికీ ఇచ్చింది. అందరూ మడిచి పక్కన పెట్టేసినోళ్లే. చదివి, ఇది నా హక్కు అని అడిగింది ఈ పిల్ల ఒకతే. ఏడుపు వచ్చే టైములో కూడా షాలినికి కొంచెం సంతోషమేసింది.

"సరేమ్మా, తీసేస్తాను. బిడ్డ ఏడస్తా ఉండాది, ముందు పాలియ్యి."

"ఇస్తానక్కా."

ఫోన్ పెట్టేసినారు.

పక్కనే మందుల ట్రాలీ సర్దతా ఉన్న తోటి నర్సు విజి అంతా వినింది. "నీకేమన్నా పిచ్చా? పేరు మార్చినావు, ఊరు మార్చినావు. పదో నంబరంటే ఎవరో నీకు తప్ప ఎవరికి తెలుస్తాది? గమ్మున ఉండి పంపించేయ్."

"మాటిచ్చినానే."

"మాట తీసుకోని ఏం చేసుకుంటావు? పోయినసారి ఒకతూరి తప్పినావు. ఈసారి కూడా తప్పితే కోర్సులోంచే తీసేస్తారు కదే! రెండేండ్లు రాత్రీపగలూ చదివింది గంగలో పోసుకుంటావా?"

విజి చెప్పింది నిజమే. షాలిని కోర్సు మేడమ్ సుగంతికి ఫోన్ చేసింది. ఏదో ఒక దారి చూపిస్తుందేమోనని ఆశ.

"తీసేయాల్సిందే షాలినీ. ఆమె వద్దంటే వద్దు," అనింది మేడమ్. "కానీ పదిమంది లేకుంటే నేను పాస్ చేయలేను. అది నా చేతిలో లేదు," అనింది.

"తెలుసు మేడమ్."

షాలిని ఫోన్లో ఉండే రికార్డు తీసేసింది. లాప్‌టాప్‌లో ఉండేది తీసేసింది. మళ్లీ తెచ్చుకునే దారి కూడా లేకుండా చేసింది. చౌడేశ్వరి మాటలు రాసుకున్న తొమ్మిది పేజీలు సన్నగా చించేసింది. తీసేసే ముందర ఒక్కసారి విందామని వేలు పెట్టింది. వద్దన్నాక వినడం కూడా తప్పే అని వినలేదు. తొమ్మిదిమందితోనే ప్రాజెక్టు పంపించి, బాత్రూములోకి పోయి కొళాయి తిప్పి, సద్దు బయటికి రాకుండా ఏడిచింది.

నాలుగున్నరకు మేడమే ఫోన్ చేసింది. "పాస్ చేయలేకపోయినాను, క్షమించు. కానీ ఇన్నేండ్లలో నీలాంటి స్టూడెంటును నేను చూడలేదు. రేపటి క్లాసులో ఈ సంగతి అందరికీ చెప్తాను."

చదువు పోయింది. పోతే పోనీ, ఆ పిల్ల కాపురం నిలిచింది, అంతే చాలు అనుకోని షాలిని మొఖం కడుక్కునింది.

ఆరుకు డ్యూటీ దిగి గేటు దగ్గరికొస్తే ఒకాయన ఎదురొచ్చినాడు. కండ్లు ఎర్రగా వాచిపోయి ఉండాయి. చొక్కా గుండీలు ఒకటి పైకీ ఒకటి కిందికీ పెట్టుకోనుండాడు.

"షాలిని సిస్టరంటే మీరేనా? నా పేరు వరదప్ప, విరించిపురం. చౌడేశ్వరి అన్నను."

"రాండన్నా, ఏమి ఇంత దూరం..."

"మా చెల్లెలు పోయింది సిస్టర్." ఆయన గేటు కమ్మి పట్టుకున్నాడు. "ఉరేసుకునిందని వాళ్లంటా ఉండారు. ఒళ్లు చూస్తే యాడ పట్టినా కమిలిపోయుండాది. కొట్టేదానికి రుజువేదంటారు పోలీసోళ్లు. మొన్ననే నాకు ఫోన్ చేసి, నర్సమ్మకు అంతా చెప్పినాను, రికార్డు చేసుకునింది, నువ్వొచ్చి నన్ను పిలుచుకోని పో అనింది. ఆదివారం వస్తానంటిని, పాపిష్టోణ్ని. ఇప్పుడు మాకు ఆ రికార్డు ఒకటే దిక్కు. ఇయ్యండి సిస్టర్, మీ కాళ్లకు మొక్కతా."

షాలిని వంగబోయిన ఆయన్ని పట్టుకోని ఆపింది.

"అయ్యో అన్నా, తీసేసినానే! ఆమే తీసేయమని బతిమలాడింది. పొద్దున పది గంటలకు ఫోన్ చేసి బాగానే మాట్లాడిందే, ఇంతలో ఏమైపోయింది అన్నా?"

వరదప్ప తలెత్తినాడు.

"పది గంటలకా? పొద్దున ఏడుకే కదా సిస్టర్, చెల్లెల్ని నేను శవాల గదికి మోసుకోని పోయింది!"