గుమ్మంలో ఆగిన సూర్యుడు

మంచుగడ్డల దేశంలో చలికాలమంతా చీకటే. సూర్యుడు మళ్ళీ తొంగిచూసిన రోజున ముసలి పెంగ్విన్ మనవరాలిని పొట్ట కింద దాచుకుని కసిరింది.

"నువ్వొచ్చినప్పుడల్లా ఆకాశం మాకు పట్టిన ఓజోన్ గొడుగుకి చిల్లు పడుతోంది. అందులోంచి నీ చురుకు కిరణాలు సూటిగా దిగుతాయి. పసిపిల్లలున్న ఇల్లు ఇది. వెళ్ళు నాయనా!"

సూర్యుడు చిన్నబోయి, గుమ్మంలో చుట్టంలా సముద్రం అంచునే ఆగిపోయాడు.

అప్పుడే ఉత్తరం నుంచి ఎగిరొచ్చిన వలసపిట్ట రెక్కలు దులుపుకుంది. "అతన్నెందుకు ఆడిపోసుకుంటావు అవ్వా? దూరాన మనుషులు ఫ్రిజ్‌లలో, సెంటు డబ్బాల్లో ఒక వాయువు నింపారు. అది పైకెక్కి, విరిగి, ఇక్కడి మంచుమబ్బుల మీద చలికాలమంతా పొంచి ఉంటుంది. వెలుగు తగలగానే లేచి గొడుగుని కొరుకుతుంది. ఇంత చల్లటి మబ్బులు ఇంకెక్కడా లేవు. అందుకే చిల్లు మీ నెత్తిన పడింది."

"అయితే ఈ పిల్ల గతేమిటి?" అవ్వ మనవరాలిని ఇంకా దగ్గరికి పొదువుకుంది.

"భయపడకు. అన్ని దేశాలవాళ్ళూ కూడబలుక్కుని ఆ వాయువు మానేశారు. పాతది పోవడానికి ఇంకా చాలా ఏళ్ళు పడుతుంది. కానీ చిల్లు మెల్లగా పూడుతోంది."

అవ్వ గుండెల నిండా గాలి పీల్చుకుంది. "మేమూ అంతేగా! తుఫానులో గుంపుగా నిలబడ్డప్పుడు ఎక్కడ సందు పడినా తలా ఒక అడుగు జరుగుతాం."

మనవరాలిని మెల్లగా వెలుగులోకి నెట్టి, సముద్రం వైపు తిరిగింది.

"అక్కడే నిలబడిపోయావేం? రా నాయనా, లోపలికి రా."