పై వాటా తనిఖీ

...ఆవిడే ఫిర్యాదు చేసి ఉంటుంది, ఇంకెవరు చేస్తారు, కింది వాటా వాళ్లకి నగరపాలక ఆఫీసు ఎక్కడుందో కూడా తెలియదు, అనుకుంటూ హార్లన్ బెక్ మెట్లెక్కాడు.

చేతిలో సంచి. అందులో ఆరు పొగ అలారాలు, ఇంట్లో పొగ లేస్తే మోగేవి.

అతని నాలుగు అద్దె ఇళ్లకీ కలిపి ఉన్నవి ఆ ఆరే. నగరపాలక తనిఖీ ఏ ఇంటికి వస్తే ఆ ఇంటి పైకప్పుకి ఎక్కుతాయి. సాయంత్రానికి దిగిపోతాయి.

పై వాటా ఖాళీగా ఉంది. అయిదేళ్లు అద్దెకున్న వెర్నా టిల్మన్ పోయిన శనివారం ఖాళీ చేసింది.

కిటికీ బిగుసుకుపోయిందని ఆమె చెప్పిన వారానికే తనిఖీ ఉత్తరం వచ్చింది. అతను రెండూ ముడిపెట్టుకున్నాడు. లీజు పొడిగించనన్నాడు. ఆఫీసుకి ఫోన్లు చేసే సరదా ఇంకో ఇంట్లో తీర్చుకోమన్నాడు.

ఆమె డెబ్బై ఆరేళ్ల మనిషి. ఎదురు చెప్పలేదు. ఇప్పుడు మేనకోడలింట్లో సోఫా మీద పడుకుంటోందట. అది విన్నప్పుడు అతనికి గెలిచినట్టే అనిపించింది. ఆ అడుగున ఇంకేదో కదిలింది గానీ, దాన్ని చూడకుండా తప్పుకున్నాడు.

నిచ్చెన వేసి తలెత్తాడు.

అలారం అప్పటికే ఉంది.

పడగ్గదిలోనూ ఉంది. వంటగది బయటా ఉంది. ప్రతి దాని అంచునా నల్లసిరాతో ఒకటే తేదీ. మూడేళ్ల కిందట, పోయిన తనిఖీ అయ్యాక అతను తనవి విప్పుకుపోయిన మరుసటి రోజు.

"కింది వాటాలోనూ అన్నీ ఉన్నాయి, బెక్ గారూ" అంటూ తనిఖీ అధికారి డెనీస్ ఓర్టిజ్ పైకొచ్చింది. "ఇంత పద్ధతిగా ఎవరూ పెట్టరు."

"మరి ఆ టిల్మన్ ఎందుకు ఫిర్యాదు చేసినట్టు?"

"ఫిర్యాదేం లేదే. మూడేళ్లకోసారి వచ్చే వంతు, అంతే." ఆమె ఆగింది. "ఏ టిల్మన్? వెర్నానా?"

నిచ్చెనెక్కి సిరా గీతలు చూసింది.

"ఆవిడ రాతే. మా ఆఫీసులో ఇరవై ఎనిమిదేళ్లు తనిఖీలు చేసింది. నాకు పని నేర్పింది ఆవిడే."

అతను సంచిని కాలితో వెనక్కి జరిపాడు.

"ఇల్లు మూయించడానికి మనం రాసే ఒక్క కాగితం చాలు, కానీ ముందు రోడ్డున పడేది అద్దెకున్నవాళ్లే అనేది ఆవిడ. ఎక్కడుందిప్పుడు?"

అతని చెవులు కాలిపోయాయి. సోఫా అన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఆమె నిచ్చెన దిగి కాగితం చాపింది. "అలారాలు యజమాని బిగించినట్టు ఇక్కడ సంతకం పెట్టండి. మూడేళ్లదాకా మళ్లీ రాం."

హార్లన్ కలం అందుకుని, 'యజమాని' అన్న మాట కొట్టేసి, దాని పైన నిదానంగా వెర్నా టిల్మన్ అని రాశాడు.