ఏనుగు కథ

"మళ్ళీ మొరాయించింది వదినా," అన్నాడతను, మెట్లకింద గూట్లో అన్నయ్య పాత కంప్యూటర్ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని.

పది కంపెనీల సర్వర్లు బాగుచేసి జీతం తెచ్చుకునే మనిషి. తీరా ఇంట్లో సర్వరుగా వాడే ఈ పాతదాని దగ్గరికొచ్చేసరికి ఏ మీట నొక్కాలన్నా తటపటాయిస్తున్నాడు.

"నిన్నటిదాకా బానే పలికిందిగా! పిల్ల ఒళ్ళు కాలిపోతోందయ్యా. నాన్న కథ చెబితేగానీ మందు తాగనని భీష్మించుకుంది." అంది వదిన.

అన్నయ్య పోయి ఏడాదైనా నిండలేదు. ఆస్పత్రి మంచం మీద ఆయాసపడుతూనే కూతురి కోసం కథలు రికార్డు చేయించాడు. వాటిని రోజూ మధ్యాహ్నం పిల్ల దిండు పక్కనున్న బుల్లి స్పీకర్లో వినిపించడానికి ఇతనే ఓ ప్రోగ్రాం రాశాడు. తెర వెనక తనపాటికి తాను నడిచే అలాంటి ప్రోగ్రాంని వీళ్ళు డీమన్ అంటారు. "చోద్యం కాకపోతే, దయ్యమని పేరు పెట్టుకుంటారటయ్యా ఎవరైనా!" అని అప్పుడు వదిన నవ్వింది. ఆవిడ నవ్వగా అతను చూడటం అదే ఆఖరు.

పిల్లకి మాత్రం ఒకటే ఫిర్యాదు. "ఏనుగు ఒంటరిగా కూర్చుని ఏడ్చింది," అని కథలో రాగానే "ఎందుకేడ్చింది నాన్నా?" అని అడుగుతుంది. రికార్డు దాని దారిన అది పోతుంది. "నాన్న నా మాట అస్సలు వినడు బాబాయ్," అంటుంది మూతి ముడుచుకుని.

వదిన వెళ్ళి పిల్ల గది తలుపు ఓరగా తీసి చూసొచ్చింది. వాన రేకుల మీద దరువేస్తోంది, లోపలి మాట బయటికి వినబడటం లేదు.

"స్పీకరు కావలించుకుని, దుప్పటి ముసుగుతన్ని తనలో తనే ఏదో గొణుక్కుంటోందయ్యా. మధ్యలో నవ్వుతోంది కూడా. జ్వరం తలకెక్కిందేమో, భయంగా ఉంది. తొందరగా కానియ్!"

అతను ఏ ప్రోగ్రాం ఎప్పుడేం చేసిందో రాసుండే లాగ్ తెరిచాడు. డీమన్‌లో తప్పేం లేదు. స్పీకర్‌ని అప్పటికే ఇంకేదో ప్రోగ్రాం పట్టుకుని కూర్చుంది. అది వదిలితేగానీ ఇది లేవదు. ఎవరిదబ్బా అని వెతికి, కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. అది నడుస్తున్నది అన్నయ్య అకౌంట్ మీద. ఆ అకౌంట్‌ని ఎప్పుడో తన చేతులతోనే మూసేశాడు.

"ఏంటయ్యా, అలా అయిపోయావ్?"

"ఏం లేదు వదినా. అన్నయ్య పాత ప్రోగ్రాం ఏదో అడ్డం పడింది. ఇందాక కరెంటు పోయొచ్చినప్పుడు లేచినట్టుంది. చంపెయ్యాలి."

"అవేం మాటలయ్యా!"

"మా భాషలో అంతే అంటాం వదినా."

ముందు మర్యాదగానే ఆగమని చెప్పి చూశాడు. ససేమిరా అంది. ఇక బలవంతంగా తెంపెయ్యడమే మిగిలింది. తెరమీద అన్నయ్య పేరు చూస్తుంటే వేలు మీట మీదే ఆగిపోయింది. దాని వెనక ఏ ఫైలూ లేదు, ఏ ప్రోగ్రామూ లేదు, ఉత్త పేరు. ఇదేం విడ్డూరమో తర్వాత చూసుకోవచ్చు, అవతల పిల్ల ప్రాణం మీదికొస్తోంది. "ఏమనుకోకు అన్నయ్యా," అని గొణిగి నొక్కేశాడు.

పేరు మాయమైంది. డీమన్ లేచింది, పచ్చచుక్క వెలిగింది.

"హమ్మయ్య! పదండి వదినా."

వదిన మందుసీసా పట్టుకుని పరిగెత్తింది. పిల్ల దుప్పటి తన్నేసి లేచి కూర్చునుంది. ఒళ్ళో స్పీకర్లోంచి అన్నయ్య గొంతు, రోజూలాగే, "అనగనగా ఓ ఏనుగు" అంటోంది.

"విన్నావా తల్లీ, నాన్నొచ్చేశాడు. ఇప్పుడు తాగుతావా మరి?" అంది వదిన కళ్ళొత్తుకుంటూ.

అతను నుదుటిమీద చెయ్యేసి చూశాడు. జ్వరం ఛాయలే లేవు, చల్లగా ఉంది. పిల్ల ఆ చెయ్యి విసిరికొట్టి, నీళ్ళు నిండిన కళ్ళతో అతనికేసి చూసింది.

"ఏనుగెందుకేడ్చిందో నాన్న చెబుతుంటే ఎందుకాపేశావ్ బాబాయ్?"